లైటు ఫిట్టింగు మార్చడం: మనం చేసుకోదగిన పని, ఎలక్ట్రీషియన్‌కు వదిలేయవలసిన పని

హాల్లో గుంయ్‌మని మోగే పాత ట్యూబ్‌లైటు తీసి ఎల్‌ఈడీ బ్యాటెన్ (పట్టీ, ట్యూబు ఒకటిగా ఉండే లైటు) బిగించడం, బాత్‌రూములో తుప్పు పట్టిన హోల్డరు మార్చడం, ఫాల్స్ సీలింగులో వెలగని ప్యానెల్ లైటు తీసి కొత్తది పెట్టడం వంటి పనులకు హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్ దొరకడం కంటే, దొరికిన ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఎదురుచూడటమే కష్టం. ఒక్క లైటు కోసం అంత దూరం నుంచి రావడం ఆయనకు గిట్టుబాటు కాదు. మనకేమో చీకటి పడేలోపు వెలుగు కావాలి. అందుకే చాలా ఇళ్లలో ఎవరో ఒకరు స్టూలెక్కుతారు. జాగ్రత్తలు తెలిసినవారు ఈ పనుల్లో కొన్నింటిని నిస్సంకోచంగా చేసుకోవచ్చు. అయితే ఏది చేసుకోవచ్చో ఏది కూడదో కింద నిలబడి చెప్పగలిగేది కాదు. పాత ఫిట్టింగు దింపి, దాని వెనుక తీగలను చూశాకే తేలుతుంది. ఆ తీగలను చూడాలంటే ముందు వాటిలో కరెంటు లేదని రూఢి చేసుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండు విషయాల గురించే.

చట్టం ఈ పనిని ఇంటివారికి పూర్తిగా నిషేధించలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం, వినియోగదారుడి ఇంట్లో వైరింగు చేర్పులు, మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలని చెబుతూ, దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఫిట్టింగుల మార్పిడిని మాత్రం మినహాయించింది. ఆ మార్పిడి వల్ల వైరింగు సామర్థ్యం గాని స్వభావం గాని మారకూడదన్నది షరతు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఈ మినహాయింపును కొనసాగించాయి. ఇంటి భాషలో చెప్పాలంటే, ఉన్న చోటే, ఉన్న తీగలకే, అంతే లోడు లేదా అంతకంటే తక్కువ లోడు ఉన్న లైటు పెట్టుకుంటే అది మార్పిడి. కొత్త చోటికి తీగ లాగితే, ఒక పాయింటును రెండు చేస్తే, లైటు తీగ మీద ప్లగ్గు పెడితే అది వైరింగు పని. దానికి మనం చేయి పెట్టకూడదు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి

కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లో దొరకని ఫిట్టింగు ఉండదు కాబట్టి, అక్కడికి వెళ్లే ముందే మనకు ఏం కావాలో తెలిసి ఉండాలి. మన ఇళ్లలో మామూలు బల్బు హోల్డర్లు ఎక్కువగా బీ22 రకం, అంటే రెండు పిన్నులను నొక్కి తిప్పి బిగించేవి. అలంకారపు లైట్లలో మర తిప్పి బిగించే ఈ27 రకం కనిపిస్తుంది. పాత నాలుగడుగుల ట్యూబ్‌లైటు 40 వాట్లది అయితే, రాగి చోక్ తినే పది పన్నెండు వాట్లు కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది. దాని చోట 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ సరిపోతుంది. పాత పట్టీని, అంటే ట్యూబును పట్టి ఉంచే చట్రాన్ని, ఉంచుకుని ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కటే కొనవచ్చునని దుకాణదారులు చెబుతారు గాని, దానికోసం పట్టీ లోపల చోక్‌ను, స్టార్టరును తప్పించి తీగలు కొత్తగా కలపాలి. ఏ చివర ఫేజు (కరెంటు వచ్చే తీగ) వస్తుందో ఒక్కో కంపెనీ ట్యూబుకు ఒక్కో రకంగా ఉంటుంది. నా మటుకు నేను పట్టీ మొత్తం తీసేసి బ్యాటెన్ పెట్టడమే మేలంటాను.

డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, వాట్లు, వారంటీ చూసి బిల్లు తీసుకోండి. బాల్కనీకి, గేటు స్తంభానికి, వాన జల్లు తగిలే ఏ చోటికైనా ఐపీ65 (దుమ్మునూ నీటి జల్లునూ లోపలికి పోనివ్వదని తెలిపే గుర్తు) అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఫాల్స్ సీలింగు ప్యానెల్ అయితే పాత లైటు చుట్టుకొలత కాకుండా, దాన్ని దింపి సీలింగులో కోసిన రంధ్రాన్ని కొలిచి ఆ కొలత చెప్పండి. లైటు అంచు రంధ్రం కంటే పెద్దది కాబట్టి, అంచును కొలిచి వెళ్లినవారు మళ్లీ బజారుకు వెళ్లవలసి వస్తుంది. ఫిట్టింగు ఇనుముదో ఇత్తడిదో అయితే దానికి ఎర్తు తీగ (లోహానికి కరెంటు తగిలితే భూమిలోకి పంపేది) కలపాలి. చతురస్రం లోపల మరో చతురస్రం గుర్తు ఉన్నవాటికి మాత్రమే ఎర్తు అక్కర్లేదు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

కరెంటు నిజంగా ఆగిందా

గోడ మీది స్విచ్చు ఆపితే లైటు ఆరుతుంది. తీగల్లో కరెంటు పోయినట్టు కాదు. స్విచ్చు ఫేజు తీగలో కాకుండా పొరపాటున న్యూట్రల్ తీగలో (కరెంటు తిరిగి వెళ్లే తీగలో) పెట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ స్విచ్చు ఆపినా హోల్డరులో 230 వోల్టులూ అలాగే ఉంటాయి. మెట్ల దగ్గర ఉండే రెండు స్విచ్చుల లైటుకైతే స్విచ్చు ఏ వైపున్నా దాన్నిబట్టి ఏమీ చెప్పలేము. కాబట్టి డీబీలో, అంటే ఇంటి స్విచ్చులన్నీ ఉండే కరెంటు పెట్టెలో, మెయిన్ స్విచ్చు దించవలసిందే. ఆ లైటుకు సంబంధించిన ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే చిన్న స్విచ్చు) ఒక్కటి దించితే చాలదా అంటే, ఏది దేనిదో డీబీ మీద సరిగా రాసి ఉన్న ఇళ్లు నేను చూసినవాటిలో చాలా తక్కువ. పాత ఇళ్లలో కిట్‌క్యాట్ ఫ్యూజులు (చేత్తో పీకే పింగాణీ ఫ్యూజులు) ఉంటే, ఒక్క ఫ్యూజు పీకి ఊరుకోకండి. కొన్నిచోట్ల ఫేజుకూ న్యూట్రల్‌కూ విడివిడిగా ఫ్యూజులు ఉంటాయి. న్యూట్రల్‌ది పీకితే లైటు ఆరుతుంది గాని ఫేజు అలాగే ఉంటుంది. ఇనుప పెట్టెలోని మెయిన్ స్విచ్చునే దించాలి.

మెయిన్ దించినంత మాత్రాన పని అయిపోలేదు. ఈ ఊళ్లో సగటు ఇంట్లో ఇన్వర్టరు ఉంటుంది, అది లైట్ల కోసమే ఉంటుంది. మనం మెయిన్ దించగానే దానికి కరెంటు పోయిందనే అర్థమవుతుంది. మరుక్షణం బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులను అవే లైటు తీగల్లోకి పంపుతుంది. కొన్నేళ్ల క్రితం కూకట్‌పల్లిలో మేము అద్దెకు ఉన్న ఫ్లాటులో వంటగది లైటు మారుస్తూ, మెయిన్ దించి, ఫ్రిజ్ ఆగిపోయిందని చూసుకుని స్టూలెక్కాను. స్విచ్చు ఆపి ఉన్నది కాబట్టి లైటు వెలగలేదు. కవరు విప్పి, తీగ పట్టుకునే ముందు టెస్టరు ఆనిస్తే, పిడిలోని చిన్న దీపం నారింజ రంగులో వెలిగింది. మెయిన్ సరిగా దిగలేదేమోనని దిగి చూశాను. దిగే ఉంది. బాల్కనీ తలుపు తీస్తే ఇన్వర్టరు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ వంటగది స్విచ్చు న్యూట్రల్ తీగలో ఉందని తరవాత తేలింది. టెస్టరు పెట్టే అలవాటు లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో నాకు తెలుసు. మా ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్ గడప దాటగానే అడిగే మొదటి మాట, "ఇన్వర్టర్ ఉందా సార్?" అనే.

ఇన్వర్టరు ముందువైపు ఉన్న స్విచ్చు ఆపితే బ్యాటరీ నుంచి రావడం ఆగుతుంది. అయితే మెయిన్ ఎత్తి ఉన్నంతసేపూ వీధి కరెంటు ఆ పెట్టె గుండానే నేరుగా లైట్లకు వెళుతూ ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి. ముందు ఇన్వర్టరు, తరవాత మెయిన్. అపార్ట్‌మెంటులో జనరేటరు ఉంటే మరో చిక్కు ఉంది. కొన్ని ఫ్లాట్లకు ఒకటి రెండు లైట్ల కోసం జనరేటరు నుంచి విడిగా తీగ వస్తుంది; దానికి డీబీలో వేరే ఎంసీబీ ఉంటే అదీ దించాలి, ఎక్కడుందో తెలియకపోతే వాచ్‌మన్‌ను కాకుండా అసోసియేషన్ తరఫున కరెంటు పనులు చూసేవారిని అడగాలి.

ఆపడానికి ముందు టెస్టరును ఏదైనా ప్లగ్గులో పెట్టి వెలుగుతున్నదని చూసుకోండి. ఆపిన తరవాత లైటు దగ్గర ప్రతి తీగకూ, హోల్డరులోని రెండు పిన్నులకూ, స్విచ్చును ఒకసారి వేసి, ఒకసారి ఆపి ఆనించి చూడండి. పిడి చివరి లోహపు భాగం మీద వేలు ఉంటేనే టెస్టరు వెలుగుతుంది. ఎండ పడే గదిలో ఆ చిన్న వెలుగు కంటికి ఆనకపోవచ్చు, పొడి చెక్క నిచ్చెన మీద మందంగా వెలగవచ్చు. కాబట్టి వెలిగితే కరెంటు ఉన్నట్టే గాని, వెలగకపోతే లేనట్టే అని ధీమాగా చెప్పలేము. ఇలాంటి పనులు తరచూ చేసేవారు ఒక మల్టీమీటరు కొనుక్కోవడం మంచిది. దానితో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మూడుసార్లు కొలిస్తే అనుమానానికి తావుండదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) ఉంది కదా అన్న నిబ్బరమూ పనికిరాదు. ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ తాకిన మనిషిని అది గుర్తించలేదు; ఇన్వర్టరు నుంచి వచ్చే కరెంటుకు ఆ రక్షణ ఉంటుందని కూడా అనుకోకూడదు.

మెయిన్ మీద "పని జరుగుతోంది, ఎత్తవద్దు" అని కాగితం అంటించండి. పిల్లలో, బయటినుంచి వచ్చిన ఇంటివారో ఫ్యాను ఆగిందని ఎత్తేయడం చాలా సులభం. పగటిపూటే చేయండి, ప్లాస్టిక్ స్టూలు వద్దు, కాళ్లు కదలని నిచ్చెన వాడండి, ఇంట్లో మరో పెద్ద మనిషి ఉండాలి.

తీగలు చూసి తేల్చుకోవడం

కవరు విప్పగానే దేన్నీ ఊడదీయకుండా ఫోనుతో రెండు ఫోటోలు తీసుకోండి. ఆ తరవాత నింపాదిగా చూడండి. పద్ధతి ప్రకారం అయితే ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. కొత్త ఫిట్టింగులకు వచ్చే తీగల్లో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. కాని ఇల్లు కట్టిన రోజున చేతికి ఏ రంగు చుట్ట దొరికితే ఆ రంగే లాగిన ఇళ్లు కొల్లలు. రెండూ పసుపు తీగలే వస్తే ఆశ్చర్యపోకండి, ఊహించకండి కూడా. పాతవి ఎక్కడ కలిసి ఉన్నాయో ఫోటోలో ఉన్నట్టే కలపాలి. ఎర్తు కాక రెండు తీగల కంటే ఎక్కువ ఉంటే, ఒకే టెర్మినల్‌లో మూడు నాలుగు తీగలు కలిపి ముడి వేసి ఉంటే, అవి పక్క గదికి వెళుతున్నాయన్నమాట; ఆ ముడిని విప్పకండి.

ఆగిపోవలసిన గుర్తులు కొన్ని కంటికి వెంటనే కనిపిస్తాయి. తీగ మీది తొడుగును కాస్త వంచితే ఎండుపుల్లలా పుటుక్కున పగులుతుంటే, రాగి మెరవకుండా నల్లగా మాడి ఉంటే, హోల్డరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కాలిన వాసన వస్తుంటే, అక్కడితో పని ఆపండి. నారాయణగూడ, బర్కత్‌పుర వంటి చోట్ల మిగిలిన పాత ఇళ్లలో చెక్క పట్టీల మీద మేకులతో కొట్టిన వైరింగులో నూలు అల్లిక తొడుగున్న తీగలు, వెండి రంగులో ఉండే అల్యూమినియం తీగలు కనిపించవచ్చు. అల్యూమినియాన్ని రాగితో నేరుగా మెలిపెడితే ఆ అతుకు క్రమంగా వదులై వేడెక్కుతుంది. ఫిట్టింగు లోహానిది, వచ్చినవి రెండే తీగలు, ఎర్తు లేదు అంటే అదీ మన పని కాదు. చాలా ఇళ్లలో ప్లగ్గులకు ఎర్తు లాగారు గాని లైటు పాయింట్లకు లాగలేదు. ఆ లోహపు లైటును దుకాణంలో మార్చుకుని ప్లాస్టిక్‌ది తెచ్చుకోవచ్చు, లేదా ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు లాగించుకోవచ్చు. ఎర్తు తీగను చుట్టచుట్టి పైన దోపేయడం మాత్రం కూడదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చెమ్మ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పై అంతస్తు ఇళ్లలో స్లాబులోకి ఇంకిన నీరు లోపల తీగలు పోయే పైపుల వెంట నడిచి సరిగ్గా ఫ్యాను బాక్సు దగ్గరో లైటు పాయింటు దగ్గరో బొట్టుబొట్టుగా కారుతుంది. గోపురం లాంటి గాజు లైటులో అడుగున నీళ్లు నిలిచి ఉండటం చాలామంది చూసే ఉంటారు. ఆ నీళ్లు పారబోసి కొత్త లైటు పెట్టడం పరిష్కారం కాదు. ఆ పాయింటు ఎంసీబీ దించి అలాగే ఉంచి, ముందు టెర్రస్ లీకేజీ బాగు చేయించి, స్లాబు ఆరాక ఎలక్ట్రీషియన్‌తో తీగలు పరీక్ష చేయించాలి.

బిగించడం

తీగలు బాగుంటే ఇక మిగిలింది ఓపిక పనే. తీగ చివర తొడుగును ఒక సెంటీమీటరు మేర ఒలిచి, రాగి పోగులను ఒకే దిక్కున గట్టిగా మెలిపెట్టి, సన్నగా ఉంటే రెండు మడతలు పెట్టి, టెర్మినల్‌లో దూర్చి మర బిగించండి. ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకూడదు. బిగించాక తీగను ఓసారి లాగి చూడాలి. మర తిప్పే ఈ27 హోల్డరులో ఫేజు నడిమధ్య ఉన్న బిందువుకే రావాలి, మర చుట్టుకు న్యూట్రల్ రావాలి. తారుమారైతే బల్బు తిప్పేటప్పుడు వేళ్లకు తగిలే లోహంలో కరెంటు ఉంటుంది. పిన్ను హోల్డరుకు ఈ పట్టింపు లేదు. ఫిట్టింగుతో వచ్చిన తీగలనూ పై తీగలనూ కలపడానికి మెలి వేసి టేపు చుట్టే కంటే పది ఇరవై రూపాయల ప్లాస్టిక్ కనెక్టరు వాడండి; వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది.

ట్యూబ్‌లైటు తీసేటప్పుడు ముందు ట్యూబును పావు చుట్టు తిప్పి దింపి పక్కన భద్రంగా పెట్టాలి, ఆ తరవాతే పట్టీ. ట్యూబుల్లో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, చేత్తో గాని చీపురుతో గాని తాకకుండా అట్టముక్కతో ఎత్తి సంచిలో కట్టాలి. తీసిన ట్యూబులను చెత్తబండిలో పడేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

బ్యాటెన్‌కు క్లిప్పులు పాత రంధ్రాలకే కుదిరితే అదృష్టం. కొత్త రంధ్రం వేయవలసి వస్తే గోడ లోపల పైపు ఎటు పోతున్నదో ఆలోచించాలి. స్విచ్ బోర్డు నుంచి నిటారుగా పైకి, లైటు పాయింటు నుంచి స్లాబు వైపు ఉన్న దారిలో డ్రిల్లు పెట్టకండి. ఫాల్స్ సీలింగు ప్యానెల్‌కు రెండు పక్కలా ఉండే స్ప్రింగులు బలమైనవి. వాటిని పైకి మడిచి పట్టుకుని రంధ్రంలోకి తోసే క్షణంలో వేలు ఇరుక్కుంటే బాగా దెబ్బ తగులుతుంది. డ్రైవరు డబ్బాను (కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే దాన్ని) లైటు వీపు మీద కాకుండా పక్కకు జరిపి పెట్టండి. షాండిలియరు విషయంలో నా సలహా కచ్చితంగా ఒకటే. అది స్లాబులో వేసిన ఫ్యాను కొక్కేనికే వేలాడాలి. ఫాల్స్ సీలింగు జిప్సమ్ షీటుకు మరలు వేసి తగిలించినది నేడో రేపో కింద పడుతుంది. బరువైనదాన్ని ఒక్కరే పట్టుకుని తీగలు కలపడం కూడా సాధ్యం కాదు, దానికి మనుషులను పిలవండి.

అంతా మూసి కవరు బిగించాక, ముందు మెయిన్ ఎత్తి, తరవాత ఇన్వర్టరు వేసి, అప్పుడు స్విచ్చు వేయండి. అరగంట వెలగనిచ్చి, ఏమైనా వాసన వస్తున్నదా, సన్నని చిటపట వినిపిస్తున్నదా అని దగ్గరికి వెళ్లి గమనించండి. స్విచ్చు వేయగానే ఎంసీబీ పడిపోతే ఒక్కసారికి మించి ఎత్తవద్దు.

ఎలక్ట్రీషియన్‌ను పిలవవలసిన వేళలు

పైన చెప్పిన గుర్తులు కాక, మరికొన్ని సందర్భాల్లో నిచ్చెన వేయకముందే ఫోను చేయాలి. ఏ ఫిట్టింగునైనా తాకితే చేతికి జిల్లుమంటే అది ఎర్తు లోపమో, తొడుగు తెగిన తీగో అయి ఉంటుంది. స్విచ్చు ఆపాక కూడా ఎల్‌ఈడీ రాత్రంతా మిణుకుమంటుంటే, స్విచ్చులోని ఇండికేటరు దీపం వల్ల కావచ్చు, న్యూట్రల్‌లో పెట్టిన స్విచ్చు వల్ల కావచ్చు, రెండోది దిద్దించుకోవలసినదే. ఇంట్లో కొన్ని లైట్లు ఉన్నట్టుండి కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగి, మరికొన్ని మందగిస్తే, న్యూట్రల్ తెగిందని అనుమానించి అప్పటికప్పుడు మెయిన్ దించేయాలి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇలా అయితే 230 వోల్టుల వస్తువుల మీదికి 400 వోల్టుల దాకా రావచ్చు, టీవీ, ఫ్రిజ్ అన్నీ కాలిపోతాయి. పక్కిళ్లలోనూ అలాగే ఉంటే తప్పు వీధి లైనులో ఉందన్నమాట. 1912కు ఫోను చేసి విద్యుత్ పంపిణీ సంస్థకు చెప్పాలి. మీటరు దాకా ఉన్నది వారి బాధ్యత; మీటరు సీలునూ దాని ముందు తీగలనూ మనం గాని, మనం పిలిచిన ఎలక్ట్రీషియన్ గాని ముట్టుకోకూడదు.

ఎవరికైనా షాక్ తగిలి తీగను వదలలేకపోతున్నారంటే, వారిని చేత్తో లాగకండి. మెయిన్ దించండి, ఇన్వర్టరు కూడా. అందకపోతే పొడి కర్రతో తోసి విడిపించి, 108కి ఫోను చేయండి.

పిలిచే మనిషికి ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖ ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడవద్దు. "లైటు వెలగట్లేదు" అని ఊరుకోకుండా, ఇల్లు ఎన్నేళ్లదో, ఎంసీబీనా కిట్‌క్యాటా, ఇన్వర్టరు ఉందా, వాన పడ్డాక మొదలైందా అన్నవి ఫోనులోనే చెప్పి, తీసిన ఫోటోలు పంపితే ఆయన తగిన సామానుతో వస్తారు. వచ్చినప్పుడు ఆ ఒక్క పనితో పంపేయకండి. ఒక్కో ఎంసీబీ దించుతూ ఏది ఏ గదిదో, ఏ పాయింట్లు ఇన్వర్టరు మీద ఉన్నాయో ఆయన చెబుతుంటే, మార్కరు పెన్నుతో డీబీ తలుపు లోపలివైపు మీరే రాసుకోండి.